గంజాయి తాగే అబ్బాయికి జైలా? వైద్యమా?

ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరుతుంటే వరండాలో ఒక పెద్దమనిషి నన్ను ఆపాడు. పాలకొల్లు పక్కనే వాళ్ల ఊరు. ఇరవై ఏళ్ల కొడుకు చేపల చెరువు గట్టు మీద స్నేహితులతో గంజాయి తాగుతూ పోలీసులకు దొరికాడు. వైద్యపరీక్షకు నా దగ్గరికే తీసుకొచ్చారు. ఆయన గొంతు తగ్గించి, "ఆయ్, డాక్టరుగారూ! రిపోర్టు కాస్త గట్టిగా రాయండి. ఆరు నెలలు లోపలుంటేగానీ వెధవకి బుద్ధి రాదండి" అన్నాడు.

కొడుకును ఎలాగైనా తప్పించమని బతిమాలే తండ్రులను చాలామందిని చూశాను. జైలుకు పంపమని అడిగిన తండ్రిని అప్పుడే చూశాను. ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువ వుంది. భార్య గొలుసు తాకట్టులో వుంది. ఇంట్లో రెండు సెల్‌ఫోన్లు మాయమయ్యాయి. రెండేళ్లుగా ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. (ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.)

"రిపోర్టు వున్నది వున్నట్టే రాస్తానండి. కానీ మీవాడికి కావలసింది జైలు కాదు, వైద్యం. ఆ దారి చట్టంలోనే వుంది" అన్నాను. ఆయన నమ్మలేదు. మీలో కూడా చాలామందికి ఈ సంగతి తెలిసి వుండదు.

కొవ్వా? జబ్బా?

"కొవ్వెక్కి తాగుతున్నాడు" అంటారు మనవాళ్లు. మొదటిసారి సరదాకే తాగవచ్చు. కానీ రోజూ తాగేవాడి సంగతి వేరు. మనిషికి సంతోషాన్ని తెలియజేసే మెదడు భాగాలు మత్తుకు అలవాటు పడిపోతాయి. తర్వాత భోజనం, ఆట, స్నేహం ఏవీ రుచించవు. మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం, చెమటలు మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కువగా వుండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. ఆ బాధ భరించలేకే చాలామంది మళ్లీ చుట్ట చుడతారు. కొందరిలో గంజాయి మతిభ్రమణకు దారి తీస్తుంది. ఎవరో తరుముతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటారు. చిన్న వయసులో మొదలుపెట్టిన వారికి, వంశంలో మానసిక వ్యాధి వున్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

ఇలాంటి వాడిని జైల్లో పెడితే ఏమవుతుంది? ఆ కొన్నాళ్లూ మత్తు దొరకకపోవచ్చు. అలవాటు మాత్రం పోదు. పైగా అమ్మేవాళ్లతో పరిచయాలు పెరుగుతాయి. హెరాయిన్ వంటి మందులు వాడేవారికి మరో పెద్ద గండం వుంది. జైల్లో వున్నన్నాళ్లలో శరీరం ఆ మందును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. విడుదలై వచ్చి పాత మోతాదే వాడితే ఊపిరి ఆగి చనిపోతారు.

చట్టం ఏమంటోంది?

మన మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది. 27వ సెక్షన్ ప్రకారం గంజాయి తాగితే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దగ్గర వుంచుకున్నందుకు శిక్ష పరిమాణాన్ని బట్టి వుంటుంది. గంజాయిలో కిలో వరకు "స్వల్ప పరిమాణం". ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా కఠిన శిక్ష.

అదే చట్టంలో 64-ఏ అని ఒక సెక్షన్ వుంది. మత్తు వాడినందుకో, స్వల్ప పరిమాణం దొరికినందుకో కేసు పడిన వ్యసనపరుడు, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు వున్న కేంద్రంలో గాని చికిత్స చేయించుకుంటే ఆ నేరానికి విచారణ వుండదు. అయితే చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసివేయవచ్చు. ఇక 39వ సెక్షన్. నేరం రుజువైన తర్వాత కూడా వయసు, నడవడి, ఆరోగ్యం చూసి, అతని అంగీకారంతో, జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు వుంది. ఇవి వాటంతట అవే జరగవు. వకీలు ద్వారా కోర్టును అడగాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయసేవా సంస్థను ఆశ్రయించవచ్చు.

మన పెద్దల కాలంలోనే

ఇది మనకు కొత్త కాదు. ఒకప్పుడు మద్రాసు రాజధానిలో నల్లమందు వాడకం ఎక్కువగా వున్న ప్రాంతాల్లో గోదావరి జిల్లా ఒకటి. జ్వరాలకు, నొప్పులకు మొదలుపెట్టి బానిసలైనవారే ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో, పదేళ్లలో వైద్యానికి తప్ప నల్లమందు వాడకం ఆపేయాలని ప్రభుత్వాలు నిర్ణయించాయి. 1959 మార్చి 31 గడువు పెట్టాయి. గడువు దాటాక ముసలి బానిసలందరినీ జైల్లో పెట్టారా? లేదు. మానలేనివారికి డాక్టరు సిఫారసు మీద పేరు నమోదు చేసి కొలతగా ఇచ్చారు. పోర్చుగల్ దేశం 2001 నుంచి సొంత వాడకానికి పది రోజులకు మించని మత్తు దొరికినవారిని జైలుకు కాక, ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు పంపుతోంది. అమ్మేవాడికి అక్కడా జైలే.

ఇక్కడ కూడా నేను అమ్మేవాడిని వదిలేయమనడం లేదు. మన పిల్లల జేబుల్లోకి పొట్లాలు చేర్చేవాడి సంగతి రాష్ట్రంలో 1972 నంబరుకు చెప్పండి. తాగేవాడిని మాత్రం రోగిగా చూడండి.

మీరేం చేయాలి?

కేసు పడేదాకా ఆగకండి. కళ్లు ఎర్రబడటం, చదువు, పని మానేయడం, డబ్బు మాయం కావడం గమనిస్తే కొట్టకుండా, నలుగురిలో పరువు తీయకుండా మాట్లాడండి. మూత్రపరీక్ష వాడాడో లేదో మాత్రమే చెబుతుంది. బానిస అయ్యాడో లేదో డాక్టరు మాట్లాడి తేల్చాలి.

14446 మత్తు విముక్తికి, 14416 మానసిక ఆరోగ్య సలహాకు. రెండూ ఉచితమే.

గంజాయి మాన్పించే ప్రత్యేకమైన మందు లేదు. నిద్రకు, ఆందోళనకు కొద్దిరోజులు మందులిస్తాము. అసలు చికిత్స వారం వారం డాక్టరుతో మాట్లాడటం, స్నేహాలు మార్చడం, చేతికి పని. హెరాయిన్ రకానికి మాత్రం బుప్రెనార్ఫిన్ వంటి మంచి మందులున్నాయి. రోజూ సారా, బ్రాందీ తాగేవారిని ఉన్నట్టుండి ఇంట్లోనే మాన్పించకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

తెలియకుండా అన్నంలో కలిపే పొడులు కొనకండి. గొలుసులతో కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే చోటు ఆసుపత్రి కాదు. అక్కడికి పంపకండి.

ఆ అబ్బాయి ఏమయ్యాడంటారా? తండ్రి వకీలును పట్టుకున్నాడు. కుర్రవాడు చికిత్సకు ఒప్పుకున్నాడు. మూడో నెలలో సంక్రాంతికి స్నేహితులు కలిసినప్పుడు మళ్లీ తాగాడు. తండ్రి నా దగ్గరికొచ్చి, "చూశారా, నేను చెప్పలేదూ" అన్నాడు. "చక్కెర వ్యాధి వున్నవాడు పండక్కి అరిసెలు తింటే వైద్యం ఆపేస్తామా?" అన్నాను. మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు బజారులో ఒక కొబ్బరికాయల కొట్లో లెక్కలు రాస్తున్నాడు. నెలకోసారి వచ్చి కనపడతాడు. ఈమధ్య తల్లిని కూడా తీసుకొచ్చాడు. ఆమె మెడలో గొలుసు వుంది.