మూడుంపావు మీటర్ల గుడ్డ, రెండు ట్రయల్స్, ఒక ఆషాఢం

రెడీమేడ్ షాపులో 40 సైజు సూటు తీస్తే దాంతోపాటు వచ్చే ప్యాంటు నడుము మామూలుగా 34 ఉంటుంది. ఛాతీకీ నడుముకీ మధ్య 6 అంగుళాల తేడా ఉంటుందని కంపెనీవాళ్ల లెక్క. కొన్ని యూరప్ బ్రాండ్లయితే 7 అనుకుంటాయి. మన దగ్గర ముప్పై ఐదు దాటి, రెండు పూటలా అన్నం తిని, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగస్తుడికి టేపు చుట్టి చూడండి. ఛాతీ 40, బొడ్డు దగ్గర 38 వచ్చినా వింతేమీ లేదు. తేడా రెండే. అలాంటివాడికి 40 కోటు బొత్తాం పడదు. 44 వేసుకుంటే పొట్ట పడుతుంది కానీ భుజాలు చేతుల మీదికి జారతాయి. సూటు కుట్టించుకోవాల్సింది అసలు ఇలాంటివాళ్లే. ఆరంగుళాల తేడా ఒంట్లో ఉన్న అదృష్టవంతులు రెడీమేడ్ కొనుక్కుని, చేతుల పొడవు సరిచేయించుకుంటే చాలు. వాళ్లకి అదే చవక.

పన్ను లెక్క కూడా కుట్టించుకునేవాళ్ల వైపే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. గుడ్డ మీద మాత్రం 5 శాతమే. పన్నుతో కలిపి 15,000 పెట్టి రెడీమేడ్ సూటు కొంటే అందులో పన్నే దాదాపు 2,290 రూపాయలు. 4,000 రూపాయల సూటు గుడ్డలో పన్ను 190. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న చిన్న టైలరుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి, అక్కడ కుట్టుకూలి మీద పన్ను పడదు.

గుడ్డ సంగతి త్వరగా తేల్చేద్దాం, ఎందుకంటే జనం అవసరానికి మించి బుర్ర పాడుచేసుకునేది అక్కడే. 58 అంగుళాల పన్నా ఉన్న సూటింగు మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి మూడుంపావు మీటర్లు సరిపోతుంది. కోటుకి సుమారు రెండు, ప్యాంటుకి మీటరుంపావు. నడుము 40 దాటితేనో, గళ్ల గుడ్డ అయితేనో ఇంకో పావు మీటరు వేసుకోండి. గళ్లు అతుకుల దగ్గర కలవాలంటే కొంత గుడ్డ వృథా అవుతుంది మరి.

అంచు మీద ‘సూపర్ 120’ అని బంగారు రంగులో కనపడగానే ధర పెంచేస్తారు. ఆ అంకె చెప్పేది ఉన్ని పోగు ఎంత సన్నమో, అంతే. అంతర్జాతీయ ఉన్ని సంస్థ కొలతల ప్రకారం సూపర్ 100 అంటే పోగు మందం 18.75 మైక్రాన్లు మించకూడదు. అంకె పది పెరిగిన కొద్దీ అర మైక్రాన్ తగ్గుతుంది. ఆ లెక్కన సూపర్ 120 అంటే 17.75, సూపర్ 150 అంటే 16.25. పోగు సన్నబడితే గుడ్డ మెత్తబడుతుంది, ముడతలూ త్వరగా పడతాయి, మోకాళ్ల దగ్గర అరుగుతుంది కూడా. ఏడాదికి నాలుగుసార్లు వేసుకునే సూటుకి 100 చాలు. పైగా ఆ అంకె ఉన్ని గుడ్డలకే వర్తిస్తుంది. పాలిస్టర్ ఎక్కువగా కలిసిన సూటింగు అంచున కూడా అదే అంకె నేసి అమ్ముతుంటే, అది అలంకారమే అనుకోండి.

మన ఎండలకి పనికొచ్చే అంకె వేరే ఉంది. మామూలు వాతావరణంలో ఉన్ని తన బరువులో దాదాపు 16 శాతం తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతం. అందుకే మే నెల రిసెప్షన్‌లో చవక పాలిస్టర్ సూటు వేసుకున్న పెళ్లికొడుకు ఏసీ హాల్లో కూడా తడిసి ముద్దవుతాడు. స్వచ్ఛమైన ఉన్నికి డబ్బు చాలకపోతే ఉన్ని పాలు ఎక్కువున్న టెరీవుల్ తీసుకోండి, చదరపు మీటరుకి 250 గ్రాముల అటూ ఇటూగా ఉన్నది. జనరల్ బజార్లోనో, పత్తర్‌గట్టీలోనో, విజయవాడ వస్త్రలతలోనో అడిగితే ఉన్ని శాతం ఎంతో చెబుతారు. చెప్పకపోతే పక్క కొట్టుంది.

ఇక కుట్టుకూలి. సూటు బాగుంటుందో లేదో తేల్చేది గుడ్డ ధర కాదు, ఈ డబ్బుతో టైలరు మీకు ఎన్ని గంటలు ఇవ్వగలడన్నదే. లండన్‌లోని సావిల్ రో టైలర్ల సంఘం పెట్టుకున్న నియమం ప్రకారం ఒక సూటు మీద కనీసం 50 గంటల చేతిపని ఉండాలి. ధర కూడా వేల పౌండ్లలోనే. మన వీధి చివరి టైలరు దగ్గర లెక్క ఇలా వేసుకోవచ్చు. కూలి 4,000 అనుకుందాం. అద్దె, కరెంటు, లైనింగు, బక్రం, బొత్తాలు, ఇస్త్రీ పోను సగం మిగిలిందనుకుందాం. పనిమంతుడికి రోజుకి 1,000 ఇస్తే ఆ 2,000 రెండు రోజుల పనికి సరి. అంటే కోటు, ప్యాంటు, ట్రయల్, సవరింపులు అన్నీ కలిపి 16 నుంచి 18 గంటల్లో తెమలాలి. కూలి 4,000 తీసుకుని ఫుల్ కాన్వాస్ కుడతానన్నాడంటే ఆయన అబద్ధమైనా చెబుతుండాలి, నష్టానికైనా కుడుతుండాలి. కూలీలు ఊరిని బట్టి మారతాయి కానీ, ఈ భాగహారం ఏ ఊళ్లోనైనా పనిచేస్తుంది.

కాన్వాస్ అంటే కోటు ముందుభాగంలో గుడ్డకీ లైనింగుకీ మధ్య ఉండే పొర. మంచి కోటులో దాన్ని చేతికుట్టుతో పట్టిస్తారు. చవక కోటులో జిగురు పూసిన బక్రం అంటిస్తారు, దానికే ఫ్యూజింగ్ అని పేరు. చివరి కాజా కింద గుడ్డనీ లైనింగునీ రెండు చేతుల వేళ్లతో పట్టి విడదీసి చూడండి. మధ్యలో మూడో పొర విడిగా కదిలితే కాన్వాస్. లేకపోతే ఫ్యూజింగే. ఫ్యూజింగ్ తప్పేమీ కాదు, పదివేల లోపు సూటుకి అదే న్యాయం. అడగాల్సింది ఒక్కటే: మెషీన్ మీద చేయిస్తారా, చేతి ఇస్త్రీతో అంటిస్తారా అని. జిగురు సరిగ్గా పట్టాలంటే 130 నుంచి 150 డిగ్రీల వేడి, దాంతోపాటు అంతటా ఒకేలా ఒత్తిడి కావాలి. ఇస్త్రీపెట్టెతో వేడి వస్తుంది కానీ ఒత్తిడి సమంగా రాదు. నాలుగు డ్రైక్లీనింగులు అయ్యాక ఛాతీ మీద అప్పడంలా బుడగలు లేచేది అందుకే.

టైలరుని ఎంచుకోవడానికి నేను చూసేది కొలతల పుస్తకం. ఛాతీ, నడుము, భుజం, చేయి, పొడవు రాసి టేపు మెడలో వేసేసుకుంటే ఆయన చొక్కాలు బాగా కుడతాడేమో, కోటు మాత్రం ఇవ్వొద్దు. కోటుకి వీపు అడ్డం, మెడ వెనక నుంచి నడుము దాకా నిడివి, పొట్ట, సీటు, రెండు చేతులూ విడివిడిగా, ఇలా డజనుకి పైగా అంకెలు పడాలి. చాలామందికి ఒక భుజం అర సెంటీమీటరో, ఇంకాస్తో కిందికి ఉంటుంది. మంచి మాస్టరు అది టేపుతో కాదు, నాలుగడుగులు వెనక్కి వెళ్లి కంటితో చూసి పట్టేస్తాడు. మీరు మాత్రం పొట్ట లోపలికి బిగబట్టి నిలబడకండి. రిసెప్షన్‌లో మూడు గంటలు అలా నిలబడలేరు కదా.

తర్వాత ట్రయల్. కూలి మాట్లాడేటప్పుడే రెండు ట్రయల్స్ అని ఖాయం చేసుకోండి, అవసరమైతే దానికోసం 1,000 ఎక్కువివ్వండి. ఆ వెయ్యి గుడ్డలో పెడితే ఎవరికీ కనపడదు, భుజంలో పెడితే ఫొటోలో కూడా కనపడుతుంది. మొదటిసారి కోటు తెల్లదారం టాకాల మీదే ఉండాలి. ఒక చేయి తగిలించి, ఇంకోటి లేకుండా ఉన్నా పర్వాలేదు. జేబులు కుట్టేసి, కాజాలు కోసేసి, ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించి ‘ట్రయల్ చూసుకోండి’ అంటే అది ట్రయల్ కాదు, డెలివరీ.

అద్దంలో ముందు చూసుకోవాల్సింది వెనకభాగం. అందుకని ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. కోటు కాలరు చొక్కా కాలరుకి అంటిపెట్టుకోవాలి, మధ్యలో వేలు దూరేంత సందు కనిపించకూడదు. కాలరు కింద అడ్డంగా మడత పడుతుంటే మీ భుజం వాలుని మాస్టరు సరిగ్గా పట్టుకోలేదన్నమాట. టాకాలు విప్పి సుద్దతో కొత్త గీత గీస్తే అరగంటలో పోతుంది. బొత్తాం పెట్టగానే పొట్ట మీద ఇంటూ గుర్తులా ముడతలు వస్తే అక్కడ లూజు చాలలేదు. పొడవు మెడ ఎముక నుంచి నేలదాకా ఉన్న దూరంలో సుమారు సగం ఉండాలి. ఆ దూరం 145 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకి కోటు ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు. ఇప్పటి పొట్టి కోట్ల ఫ్యాషన్ పొట్ట ఉన్నవాళ్లకి నప్పదని నా అభిప్రాయం. చేతి చివర చొక్కా అర అంగుళం కనపడాలి. ఆ చేతి బొత్తాలకి కాజాలు కోయించాలనుకుంటే రెండో ట్రయల్ అయ్యేదాకా కోయనివ్వకండి, కోశాక పొడవు తగ్గించడం దాదాపు కుదరదు.

నమ్మకం కుదరకపోతే ముందు ఒక్క ప్యాంటు కుట్టించండి. కొన్ని వందలతో ఆయన పనితనమూ, చెప్పిన రోజుకి ఇస్తాడా లేదా అన్నదీ రెండూ తెలుస్తాయి.

వెళ్లాల్సిన కాలం ఆషాఢం. ముహూర్తాలుండవు, మాస్టరుకి తీరిక ఉంటుంది, బట్టల కొట్ల నిండా డిస్కౌంట్ బోర్డులుంటాయి. శ్రావణంలో పెళ్లికి నాలుగు వారాల ముందు గుడ్డ ఇచ్చినట్టూ అవుతుంది. మీటరు 1,200 చొప్పున మూడుంపావు మీటర్లకి 3,900, కూలి 5,000, రెండో ట్రయల్‌కి వెయ్యి కలిపితే 9,900. అదే పని శ్రావణం నడుమ, పుస్తకంలో నలభై పెళ్లిసూట్లు రాసి ఉన్నప్పుడు ఇస్తే కూలి పెరుగుతుంది, ట్రయల్ ఒక్కటవుతుంది.

అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకండి. మిగిలిన గుడ్డముక్కలు అడిగి తెచ్చుకోండి. కొలతల పేజీని ఫోనులో ఫొటో తీసుకోండి. ప్యాంటు నడుము వెనక కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదలమని ముందే చెప్పండి, కోటు పక్క కుట్ల లోపల కూడా కొంత ఉంచమనండి. పెళ్లయిన ఏడాదికల్లా అది విప్పించాల్సి వస్తుంది.