మీకు తెలుసా? అమెరికా యాంప్‌కు వరంగల్ కరెంటు పడదు

అమెరికాలో ఉన్న బాబాయి తెచ్చిన బేస్ గిటార్ హనుమకొండలోనూ ఏ ఇబ్బందీ లేకుండా మోగుతుంది. యాంప్ సంగతే వేరు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక 120 అని మాత్రమే రాసి ఉన్న యాంప్‌ను నేరుగా ప్లగ్గులో పెడితే ఫ్యూజ్ పోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 100–240 అని ఉంటే బెంగ లేదు.

కరెంటు కుదిరినా యాంప్ బేస్‌కు తగినదే కావాలి. బేస్ గిటార్‌లో లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటార్ యాంప్‌లోని చిన్న స్పీకర్‌కు అది మోయలేని బరువు; సౌండ్ పెంచితే కోన్ చిరిగినా చిరుగుతుంది.

వరంగల్ నిట్‌లో జరిగే స్ప్రింగ్‌స్ప్రీ లాంటి ఉత్సవాల్లో వేదికలెక్కి, చదువయ్యాక హాస్టల్ ఖాళీ చేసే సీనియర్ దగ్గర పాత బేస్ బేరం తగిలిందా? మెరుపు చూసి మురిసిపోకండి. తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి మధ్యలో చూడండి. కాగితమంత సందు ఉంటే మంచిదే. వేలు దూరేంత ఉంటే మెడ వంగినట్టే. నాబ్ తిప్పితే వచ్చే గరగర చాలావరకు దుమ్ము. బేరానికి మాత్రం భలే పనికొస్తుంది!

యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచేది) అసలు పలకకపోతే ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి. కేబుల్ గుచ్చి వదిలేస్తే వాయించకున్నా అది ఖాళీ అవుతుంది.