చూపుకు చదువు

ప్రాచీనులు పేర్కొన్న అరవై నాలుగు కళలలో చిత్రలేఖనం ఒకటి. ఆ కళను సవిస్తరంగా వివరించిన గ్రంథాలలో విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ప్రసిద్ధమైనది. అందులో వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని సమీపించి, దేవతా ప్రతిమలను మలచే విద్యను బోధించమని అర్థిస్తాడు. చిత్రకళ తెలియనివానికి ప్రతిమా లక్షణం బోధపడదంటాడు మహర్షి. అయితే ముందుగా దానినే నేర్పమంటాడు రాజు. నృత్యం తెలియనిదే చిత్రం తెలియదట! నృత్యానికి వాద్యం కావాలి. వాద్యానికి గానం కావాలి. శిల్పం నేర్వవచ్చిన రాజు చివరకు పాట దగ్గర మొదలుపెట్టవలసి వచ్చింది.

ఆ రాజు అవస్థ నేడు లలితకళల కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి కూడా అనుభవంలోకి వస్తుంది. యానిమేషన్ నేర్వాలని వచ్చినవానిని మట్టికుండను చూసి గీయమంటారు. ఛాయాచిత్రకళ నేర్వవచ్చిన అమ్మాయి చేతికి బంకమట్టి ముద్దను ఇస్తారు. కెమెరాను, కంప్యూటరును ఎప్పుడు ముట్టుకోనిస్తారా అని ఎదురుచూసేవారికి ఈ తొలి సంవత్సరం వృథా కాలయాపనగా తోస్తుంది. నిజానికి నాలుగేళ్ల చదువులో అత్యంత విలువైన కాలం అదే.

ఇంటర్మీడియట్ విద్యార్థులలో చాలామంది ఈ చదువుల వైపు తొంగి చూడకపోవడానికి ఒక అపోహ కారణం. చేతిలో పుట్టుకతో ఏదో మహిమ ఉన్నవారికే బొమ్మలు వస్తాయని, తమకది లేదని వారు అనుకుంటారు. ఒక కుర్చీని ఎదుట పెట్టుకొని గీసి చూడండి. మొదటిసారి గీసేవారిలో ఎక్కువమంది నాలుగు కాళ్లనూ ఒకే పొడవుగా గీస్తారు. కాళ్లు సమానమని మనకు తెలుసు. కాని మనం కూర్చున్న చోటి నుంచి అవి సమానంగా కనిపించవు. దగ్గరి కాలు కిందికి దిగుతుంది, దూరపు కాలు పైకి జరుగుతుంది. అంటే మన చేయి తప్పు చేయలేదు. కన్ను చూసినదాన్ని పక్కకు నెట్టి, మనసు తనకు తెలిసినదాన్ని గీయించింది. అందుకే అధ్యాపకులు "కుర్చీని గీయకండి, కాళ్ల మధ్య ఉన్న ఖాళీలను గీయండి" అంటారు. ఖాళీకి పేరు లేదు. దానిని గురించి మనసుకు ముందుగా ఏమీ తెలియదు. కాబట్టి కన్ను చెప్పిందే కాగితం మీదికి వస్తుంది. ఈ సాధన కొన్ని నెలలు సాగితే చేయి మారినట్లు కనిపిస్తుంది. మారింది చూపు.

ఇటువంటి బోధనకు నూరేళ్ల చరిత్ర ఉంది. 1919లో జర్మనీలోని వైమార్ నగరంలో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ అనే కళాపాఠశాలను స్థాపించాడు. ఏ వృత్తిని ఎన్నుకున్నా విద్యార్థి ముందుగా రేఖ, రంగు, కాగితం, కొయ్య, లోహం వంటి వాటి స్వభావాన్ని తెలుసుకోవాలని అక్కడ నియమం. అదే సంవత్సరం శాంతినికేతనంలో రవీంద్రనాథ టాగూరు కళాభవనాన్ని ఆరంభించారు. అక్కడ నందలాల్ బోస్ విద్యార్థులను ఆరుబయటికి పంపి చెట్లను, పశువులను, పల్లె మనుషులను గమనించమనేవారు. ఈ రెండు ధోరణులూ త్వరలోనే పరస్పరం ఎదురుపడ్డాయి. 1922 డిసెంబరులో బౌహౌస్ చిత్రాలు కలకత్తాకు ప్రదర్శనకు వచ్చాయి.

మన దేశంలో రూపకల్పన, అనగా డిజైన్, ప్రత్యేక విద్యగా నిలదొక్కుకోవడానికి మూలం ఒక నివేదిక. భారత ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన అమెరికన్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో దానిని సమర్పించారు. దేశమంతా తిరిగి ఎన్నో వస్తువులను చూసిన ఆ దంపతులు అన్నింటిలోకి గొప్పదిగా మెచ్చుకున్నది దేనినో తెలుసా? మన ఇళ్లలోని చెంబును! చెంబును కొత్తగా తయారుచేయాలంటే ఎన్ని ప్రశ్నలు వేసుకోవాలో వారు వరుసగా రాశారు. ఎంత నీరు పట్టాలి? పట్టుకునేది ఆడవారి చేయా, మగవారి చేయా, పసివాని చేయా? చంకన పెట్టుకుంటారా, తలమీదా? నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది? వంచినప్పుడు ధార ఎలా పడుతుంది? లోపల తోమడానికి చేయి దూరుతుందా? మరొక పాత్రకు తగిలితే ఏ ధ్వని వస్తుంది? ఎండ పడి మెరిసినప్పుడు ఎలా కనిపిస్తుంది? ఏ ఒక్కరూ చెంబుకు రూపకల్పన చేయలేదు. తరతరాల వాడుకే దానికి ఆ రూపాన్ని ఇచ్చింది. ఆ తరాలు తెలియకుండా వేసుకున్న ప్రశ్నలను తెలిసి వేసుకోవడమే రూపకర్త పని. ఈ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా జాతీయ డిజైన్ సంస్థ ఆరంభమైంది.

చెంబుకు వేసిన ప్రశ్నలను అక్షరానికి కూడా వేయవచ్చు. తెలుగు విద్యార్థులకు ఇది మరీ అవసరం. ఆంగ్ల అక్షరాలు ఒకే వరుసలో ఒదిగి ఉంటాయి. తెలుగు అక్షరం అలా కాదు. తలకట్టు, గుడి, ఏత్వం పైన ఉంటాయి. ఒత్తులు కిందికి దిగుతాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు చేరాయి. ఆంగ్లానికి సరిపోయే ఎడంతో తెలుగు పంక్తులను పేర్చితే పై పంక్తి ఒత్తు, కింది పంక్తి గుడి ఢీకొంటాయి. ఢీకొనకుండా అక్షరాన్ని కుదించితే తెలుగు చిన్నబోతుంది. రెండు భాషలలో రాసిన నామఫలకాల మీద తెలుగు చిన్నగా కనిపించడానికి ఒక కారణం ఇదే. ఇంకొక చిక్కు కూడా ఉంది. ప, వ అక్షరాల నడుమ భేదమంతా తలకట్టు కింది చిన్న సందులోనే ఉంది. అందంగా ఉంటుందని అక్షరాన్ని మరీ లావుగా దిద్దితే ఆ సందు మూసుకుపోతుంది. అప్పుడు దూరం నుంచి చూసేవారికి "పంట" కాస్తా "వంట" అవుతుంది. ప్రకటనలు, పుస్తకాల ముఖచిత్రాలు, డబ్బాల మీది ముద్రణ మొదలైన వాటిని నేర్పే అనువర్తిత కళా శాఖలో ఇటువంటి సమస్యలే నిత్యపాఠాలు. తెలుగు బాగా చదివినవానికి ఇక్కడ లాభమే గాని నష్టం లేదు.

కదిలే బొమ్మల విషయంలో గమనించవలసినది కాలం. చలనచిత్రంలో ఒక క్షణానికి 24 చట్రాలు నడుస్తాయి. ఒక్కొక్క బొమ్మను రెండు చట్రాలపాటు నిలిపినా, పది క్షణాల యానిమేషన్‌కు 120 బొమ్మలు గీయాలి. కెమెరాకు కూడా వ్యాకరణం ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకుంటున్నారనుకోండి. వారి మధ్య ఒక గీత ఉన్నట్లు భావించి కెమెరా ఆ గీతకు ఒకే వైపున ఉండాలి. గీత దాటి రెండో వ్యక్తిని చిత్రిస్తే, తెరమీద ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్లు కనిపిస్తారు, సంభాషణ తెగిపోతుంది. కర్త మారితే క్రియ మారినట్లే ఇదీ.

ఈ చదువు కోసం తెలుగువారు ఒకప్పుడు దూరాలు పోవలసి వచ్చేది. రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయిలోని జె.జె. కళాపాఠశాలలో చదివాడు. తిరిగివచ్చి ఆంధ్రదేశంలో చిత్రకళకు ఒక బాట వేసి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మరణించాడు. తరువాతి కాలంలో లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం హైదరాబాదులో చదివి, ఆపై బరోడాలో అభ్యసించారు. వారిద్దరూ అంత దూరం పోయి నేర్చి, చివరకు చిత్రించింది తెలంగాణ పల్లె మనుషులనే. నేడు హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుకళ, లలితకళల విశ్వవిద్యాలయం (2008) ఉంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. చలనచిత్ర విద్యకు 1960లో పూనాలో ఏర్పడిన సంస్థ పేరుపొందినది.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న: ఇది కూడు పెడుతుందా? ఈ ప్రశ్నను చిన్నచూపు చూడరాదు. రంగులు, కాగితాలు, కెమెరా, కంప్యూటరు అంటూ ఖర్చు ఫీజుతో ఆగదు. చదువు ముగియగానే స్థిరమైన జీతం అందరికీ దొరకదు. అయితే పత్రికలు, ప్రచురణలు, ప్రకటనలు, చలనచిత్ర కళావిభాగం, చేతిఫోను తెరల రూపకల్పన వంటి పనులకు మనుషులు కావాలి. కృత్రిమ మేధ క్షణాలలో బొమ్మను ఇస్తున్న ఈ రోజులలో కేవలం నునుపుగా గీయగలగడం ఒక్కటే జీవనాధారం కాజాలదు. ఏది కావాలో, ఏది అక్కరలేదో చెప్పగలిగే చూపునకే విలువ హెచ్చుతుందని నా అభిప్రాయం.

లలితకళల పట్టానికి సాధారణంగా ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్లు చదవాలి. జాతీయ డిజైన్ సంస్థల ప్రవేశానికి ఇంటర్‌లో ఏ వర్గం చదివినవారైనా అర్హులే. ప్రవేశ పరీక్షలలో ఎదుటి వస్తువును చూసి గీయడం, చూసిన దృశ్యాన్ని జ్ఞాపకం నుంచి గీయడం వంటివి ఉంటాయి. సంతలోనో బస్టాండులోనో కూర్చొని రోజుకు ఒక పుట గీసేవారికి అవి కొత్తగా తోచవు. కళాశాలలో చేరిన తరువాత జరిగే పరీక్ష మరొక తీరుగా ఉంటుంది. విద్యార్థి తన పనిని గోడకు తగిలించి పక్కన నిలబడతాడు. బాగుందా లేదా అని అక్కడ ఎవరూ ముందుగా చెప్పరు. ఈ రంగు ఇక్కడ ఎందుకు పెట్టావు, ఈ అక్షరం ఇంత పెద్దది ఎందుకు, ఇది ఎవరి కోసం అని అడుగుతారు. జవాబు లేనిచోట గీతను మార్చవలసి ఉంటుంది.