మాట ఇచ్చిన మేడ: మద్రాసు శ్రీబాగ్

కర్నూలు ఒకప్పుడు రాజధాని అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా అలంపూర్‌కు తుంగభద్ర అవతల ఒడ్డు కర్నూలే. 1953 అక్టోబరు 1న అక్కడ ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవతల ఉన్న అలంపూర్ హైదరాబాద్ రాష్ట్రంలో, రాయచూరు జిల్లాలో ఉండేది. ఆ రాజధానికి బీజం పడింది మాత్రం ఎక్కడో మద్రాసులో, తలనొప్పి మందు తయారుచేసిన ఒక పెద్దమనిషి ఇంట్లో!

ఆయనే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదట్లో సంగీత కచేరీల దగ్గర ఊరికే పంచిపెట్టేవారట. ఆ పసుపుపచ్చ మందు లేని ఇల్లు ఏది చెప్పండి? ఆ డబ్బును ఆయన దాచుకోలేదు. 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లారు.

మద్రాసు మైలాపూరులో, లజ్ ప్రాంతంలో ఉన్న ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. బాగ్ అంటే తోట. పాతకాలం మద్రాసులో కలిగినవాళ్లవి తోట బంగళాలే. చుట్టూ చెట్లు, మధ్యన ఇల్లు, ముందు స్తంభాల వరండా, గాలి ఆడేలా ఎత్తయిన గదులు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో మిద్దె వేసేవారు. గోడలకు గుల్లసున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూసి, నున్నటి రాళ్లతో రుద్దితే పాలరాయిలా మెరిసేవి. ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉండేది. ఈ రోజుల్లో సిమెంటు పెట్టెల్లో ఫ్యాను కింద ఉడికిపోయే మనకు ఆ పని విలువ బాగా తెలుస్తుంది.

1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చున్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు గార్ల వంటివారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే చదువూ కాలువలూ ఉన్న కోస్తా వాళ్లే అంతా తీసుకుంటారని సీమవాళ్ల భయం. కరువు చూసినవాళ్ల భయాన్ని తప్పుపట్టలేం కదా!

అందుకే నాలుగు మాటలు రాసుకున్నారు. అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో పదేళ్లపాటు సీమకు, నెల్లూరుకు ముందు చోటు ఇవ్వాలి. శాసనసభలో జిల్లాలకు సమానంగా స్థానాలు ఉండాలి. రాజధాని, హైకోర్టు చెరొక ప్రాంతానికి వెళ్లాలి, ఏది కావాలో సీమవారే కోరుకోవాలి.

ఆ తర్వాత అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు కన్నుమూశారు. రాష్ట్రం రావడం ఆయన చూడలేదు. 1953లో రాజధాని కర్నూలుకు, 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. కర్నూలులో ఆఫీసులు డేరాల్లో నడిచాయి. మూడేళ్లకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాద్‌కు మారింది. అలంపూర్ కూడా మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసింది.

పెద్దల ఇంట్లో కూర్చుని ఇచ్చిపుచ్చుకున్న మాటకు కాగితం కంటే విలువ ఎక్కువ అంటారు. రాజధాని మాట మూడేళ్లు నిలిచింది. నీళ్ల మాట వచ్చినప్పుడల్లా సీమవాళ్లు శ్రీబాగ్ పేరే ఎత్తుతారు. మేడలు కట్టినవాళ్లు చాలామందే. తన మేడలో నలుగురిని కూర్చోబెట్టి తగవు తీర్చాలని చూసిన పంతులుగారి పేరే ఇన్నేళ్లూ నిలిచింది.