మొక్కజొన్నకు డిస్టిలరీల పోటీ

కోళ్ల దాణాకు, స్టార్చి ఫ్యాక్టరీలకు పోయే మొక్కజొన్నకు ఇథనాల్ డిస్టిలరీ మూడో కొనుగోలుదారు అయింది. దానిని మార్కెట్‌కు రప్పించింది ప్రభుత్వ రాయితీలే.

బీహార్ 2021లో ఇథనాల్ విధానం ప్రకటించి, ప్లాంటు, యంత్రాల ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా రూ. 5 కోట్ల సబ్సిడీ ఇవ్వజూపింది. గులాబ్‌బాగ్ మండీ సరుకు దక్షిణాది కోళ్ల ఫారాలకూ వస్తుంది గనుక ఈ కబురు ఇక్కడి దాణా వర్తకులకు రుచించలేదు.

2023 డిసెంబరులో కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తయారీపై ఆంక్షలు పెట్టింది. మరుసటి నెలలో మొక్కజొన్న ఇథనాల్ ధర లీటరు రూ. 71.86 అయింది. క్వింటాలుకు సుమారు 38 లీటర్ల చొప్పున రాబడి రూ. 2,730. 2024-25 మద్దతు ధర రూ. 2,225 పోను మిగిలేది రూ. 505. బొగ్గు, కూలి, రవాణా, వడ్డీ అందులోనే. పిప్పిని దాణాకు అమ్ముకోవడం కొంత ఆసరా. ధర పెరిగితే రైతుకు లాభమే గాని, డిస్టిలరీ వెనక్కు తగ్గుతుంది.

కోళ్ల పరిశ్రమ దిగుమతులు కోరింది. 50 శాతం సుంకం ఉండగా, 2024లో దాదాపు 5 లక్షల టన్నులకు 15 శాతం సుంకంతో అనుమతి లభించింది.

పారిశ్రామిక ఆల్కహాలుపై నియంత్రణ రాష్ట్రాలదేనని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తీర్పిచ్చింది. సబ్సిడీ ఇచ్చే చేయే ఇక పర్మిట్లూ చూస్తుంది. లీటరుకు రూపాయి రుసుము పడితే ఆ రూ. 505లో 38 రూపాయలు పోయినట్లే.