జాలపత్ర నివేదనమున లోపనిర్ణయము

మాండలిక పదసేకరణమునకు 1500 గడులతో జాలపత్రము నొకదానిని కూర్చితి మనుకొందము. సేకర్త యన్నియు పూరించి పంపెను; సర్వరునందు 1000 మాత్రమే నిలిచెను. లోప మెచ్చటిది?

పి.హెచ్.పి. స్క్రిప్టులో పత్రము వచ్చినదా యని తెలిసికొనుటకు 'సబ్‌మిట్' మీట పేరును వెదకుట పరిపాటి. ఇది ప్రమాణము కాదు. జావాస్క్రిప్టు పత్రమును తానే పంపినపుడు మీట పేరు రాకపోవచ్చును. అభ్యర్థన పద్ధతి 'పోస్ట్' అగునా యని చూచుటయే యుక్తము. పద్ధతి పోస్టయి యుండియు పట్టిక శూన్యమైనచో, పంపిన దత్తాంశము సామాన్యముగా 8 మెగాబైట్లుగా నుండు పరిమాణపు హద్దును మించెనేమో విచారింపవలెను.

పిదప బ్రౌజరు పంపినదానిని, సర్వరు గ్రహించినదానిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెను. పంపినదానిలోనే లేనిచో దోషము పత్రమునది: 'నేమ్' లేని గడియు, గుర్తుపెట్టని చెక్‌బాక్సును సర్వరునకు చేరవు. పంపినదానిలో నుండి గ్రహించినదానిలో లేనిచో దోషము సర్వరు హద్దులది. మన యుదాహరణము రెండవ కోవకు చెందినది. సర్వరును స్తంభింపజేయు దాడులను నివారించుటకై 2012 జనవరిలో వెలువడిన 5.3.9వ కూర్పు గడుల సంఖ్యకు 1000 హద్దు నేర్పరచెను. మిగిలినవి త్రోసివేయబడును, హెచ్చరిక లాగ్‌ఫైలులో మాత్రమే నిలువవచ్చును.

కావున హద్దును పెంచుటయో, పత్రమును విభజించుటయో కర్తవ్యము. చేరిన గడులను లెక్కించి సేకర్తకు తెలుపుటయు నవశ్యము. పోయిన పదమును చెప్పిన వృద్ధుడు మరల దొరకునన్న నమ్మకము లేదు.