ఎనభై సెన్సర్ల కడ్డీ

"వెలుగు కొలవడానికి ఒక్క సెన్సర్ చాలదా సార్, ఇంత పొడుగు కడ్డీ ఎందుకు?" పైరులో వెలుగు కొలిచే సెప్టోమీటర్ చూపించినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. ఆ పరికరం తెలివంతా అక్కడే ఉంది.

పైరు అడుగున వెలుగు సమంగా ఉండదు. ఆకుల సందులోంచి జారిన ఎండపొడ ఒకచోట భగ్గుమంటుంటే, బెత్తెడు పక్కన చిక్కటి నీడ. ఒక్క సెన్సర్ పెడితే అది ఎక్కడ పడిందో ఆ చోటి సంగతే చెబుతుంది. అందుకే అమెరికాలోని పుల్‌మన్‌లో డెకగాన్ సంస్థ తన సెప్టోమీటరైన ఆక్యుపార్ ఎల్‌పీ-80 కడ్డీలో సెంటీమీటరుకు ఒకటి చొప్పున 80 సెన్సర్లు పేర్చింది. వాటిలో 20 ఎండపొడలో పడి 1600 చూపాయనుకుందాం, మిగతా 60 నీడలో 80 చూపాయి. సగటు 460. ఏ ఒక్క సెన్సరూ చూడని అంకె అది, కానీ ఆ పైరు అడుగుకు చేరిన వెలుగు అదే. కడ్డీని సాళ్లకు అడ్డంగా, మట్టం తప్పకుండా పట్టుకోవాలి.

ఇక్కడ లక్స్ మీటర్ పనికిరాదు. అది మన కంటికి తగ్గట్టు చేసినది, ఆకుపచ్చకే పెద్దపీట వేస్తుంది. ఆకులు కిందికి వదిలే వెలుగులో ఎక్కువ పాలు ఆ ఆకుపచ్చే! మామూలు సిలికాన్ సెన్సరైతే ఆకు పట్టుకోని పరారుణాన్ని కూడా లెక్కలో కలిపేస్తుంది. సెప్టోమీటర్ మాత్రం కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే 400–700 నానోమీటర్ల ఫోటాన్లనే లెక్కపెడుతుంది.

అసలు అందం ఆ తర్వాతి లెక్కలో ఉంది. ఆకుల పొరలు పెరిగేకొద్దీ వెలుగు ఒకే నిష్పత్తిలో తరుగుతూ పోతుందని 1953లో జపాన్ శాస్త్రజ్ఞులు మోన్సీ, సాయెకి చూపించారు. దాన్ని తిరగేస్తే చాలు, తరిగిన వెలుగును బట్టి ఆకు ఎంతుందో తెలుస్తుంది. పైన 1800, కింద 180 వచ్చిందంటే పదో వంతు మిగిలినట్టు. దాని సహజ సంవర్గమానం, గుర్తు వదిలేస్తే, 2.3. ఆకుల వాలును బట్టి మారే గుణకం ఈ పైరుకు 0.5 అనుకుంటే, 2.3ను దానితో భాగిస్తే 4.6. అంటే ఎకరం నేల మీద 4.6 ఎకరాల ఆకు పరుచుకుని ఉంది. ఒక్క ఆకు కోయకుండానే! ఆకులు నిటారుగా నిలిచే పైరుకు గుణకం తగ్గుతుంది, బల్లపరుపుగా పరిచే పైరుకు పెరుగుతుంది. గుణకం తప్పు వేస్తే కడ్డీ ఎంత మంచిదైనా జవాబు తప్పే.

ఇదే కొలతకు నెబ్రాస్కాలోని లై-కోర్ సంస్థ చేపకన్ను కటకంతో ఎల్‌ఏఐ-2000ను తెచ్చింది. అది పైరు అడుగునుంచి ఆకాశాన్ని ఐదు వలయాలుగా చూస్తుంది. దానికి మబ్బు పట్టిన రోజో, పొద్దువాలే వేళో కావాలి. కడ్డీ మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ పనిచేస్తుంది, నా ఓటు దానికే. ఇప్పుడు ఉపగ్రహాలూ ఆకుల లెక్క చెబుతున్నాయి, వాటిని సరిచూసేది మాత్రం నేల మీద తీసిన ఇలాంటి కొలతలతోనే.